మూడు గ్రంథుల సంజాయిషీ

ఆ జిల్లా ఆసుపత్రి సూపరింటెండెంటు డాక్టర్ కోదండపాణి గారు కొండ మీది అతిథిగృహంలో మూడు రోజులు పరిపాలనా శిక్షణ పొంది తిరిగొచ్చిన సోమవారం దాకా, అక్కడికొచ్చే రోగులకి మనిషికొక శరీరం ఉండేది. మంగళవారం నుంచి ఆ సౌకర్యం రద్దయింది.

శిక్షణలో ఆయనకి బాగా నచ్చిన మాట ఒకటే, బాధ్యత. ఎవరి పనికి వాళ్లే జవాబు చెప్పాలి. ఈ మాట విన్న మొదటి రోజు ఆయన గుమస్తాల గురించి ఆలోచించారు. రెండో రోజు డాక్టర్ల గురించి ఆలోచించారు. మూడో రోజు మధ్యాహ్నం, పులిహోర తిని కళ్లు బరువెక్కుతున్న వేళ, గ్రంథుల గురించి ఆలోచించారు. అదే కొంప ముంచింది.

మంగళవారం పొద్దున్న నోటీసుబోర్డు మీద సర్క్యులర్ వెలిసింది.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, రోగిని ఏకమొత్తముగా పరిగణించు పాత విధానము వలన, ఏ రుగ్మతకు ఏ గ్రంథి బాధ్యత వహించవలెనో నిర్ధారణ కాకున్నది. కావున హార్మోను వ్యాధుల చికిత్స యందు ఇకమీదట గ్రంథివారీ బాధ్యతా విధానము అమలుపరచబడును. ఒక గ్రంథికి చెందిన సిబ్బంది వేరొక గ్రంథి వ్యవహారములలో జోక్యము చేసుకొనరాదు."

దాంతో మూడు విభాగాలు పుట్టాయి: థైరాయిడ్, పారాథైరాయిడ్, క్లోమం. మూడింటికీ వేరువేరు కిటికీలు, వేరువేరు రబ్బరు స్టాంపులు, వేరువేరు రంగుల కార్డులు. ఏ విభాగం మందుల బీరువా తాళం ఆ విభాగం అధికారి మొలతాడుకే.

థైరాయిడ్‌తో పేచీ రాలేదు. అది మెడలో ఎదురుగా కనబడే గ్రంథి. పేచీ అంతా క్లోమంతో వచ్చింది. పొట్ట వెనక ఉండే ఈ గ్రంథి ఒకపక్క షుగర్ని అదుపులో పెట్టే ఇన్సులిన్ తయారు చేస్తుంది, ఇంకోపక్క అన్నం అరగడానికి రసాలు తయారు చేస్తుంది. రసాలున్నాయి కాబట్టి క్లోమం తమదేనని పొట్ట డాక్టర్లు దావా వేశారు. సూపరింటెండెంటు గారు ఉమ్మడి సర్వే జరిపించి, గోడకున్న శరీరం బొమ్మలో క్లోమం మధ్యగా ఎర్రపెన్సిలు గీత గీయించారు. గీతకి ఇవతల నొప్పొస్తే గ్రంథుల వాళ్లు చూడాలి, అవతల నొప్పొస్తే పొట్ట వాళ్లు చూడాలి. సరిగ్గా గీత మీద నొప్పొచ్చిన వాళ్లని ఉమ్మడి కమిటీకి పంపేవారు. ఆ కమిటీ నెలకోసారి సమావేశమయ్యేది.

కండక్టర్ పైడితల్లి ఆ ఆసుపత్రి మెట్లెక్కింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

పైడితల్లి ఇరవై రెండేళ్లుగా బస్సులో టికెట్లు కొడుతోంది. ఆవిడ "రైట్ రైట్" అంటే డ్రైవరుకే కాదు, ఎదురుగా వచ్చే లారీకి కూడా వినబడేది. మూడేళ్ల కిందట ఆవిడ మెడ మీద ఉసిరికాయంత వాపు లేచింది. ఆ మరుసటేడు నిమ్మకాయంత అయింది. ఈ వేసవికి బత్తాయంత అయి, గొంతుని లోపల్నుంచి నొక్కడం మొదలెట్టింది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. ముద్ద దిగదు. అరవబోతే గాలి తప్ప మాట రాదు. దానికి తోడు నాలుగేళ్లుగా షుగరుంది.

"ఇంక నాన్చకే, పోదాం పద," అని భర్త గవరయ్య సైకిలు షాపు మూసేసి ఆవిణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. గవరయ్య నెమ్మదైన మనిషి. భార్య గొంతు పోయాక ఆ ఇంట్లో నిశ్శబ్దానికి ఆయనకే ఎక్కువ భయం వేసింది.

కిటికీలో మనిషి ఆవిడ మెడకి పసుపు కార్డు రాశాడు, షుగరుకి నీలం కార్డు రాశాడు.

"పారాథైరాయిడ్ ఉందా?" అని అడిగాడు.

"అదేటి బాబూ?"

"థైరాయిడ్ వెనకాల బియ్యపుగింజల్లాగ నాలుగుంటాయి. ఒంట్లో కాల్షియం సంగతి అవి చూసుకుంటాయి."

"అందరికీ ఉంటే నాకూ ఉంటాయి."

"అవేమైనా ఫిర్యాదు చేశాయా?"

"ఇప్పటిదాకా నోరెత్తలేదు."

"నోరెత్తని గ్రంథులకి కార్డు లేదమ్మా. తరవాతెవరు?"

డాక్టర్ మృదుల అనే కుర్ర సర్జను పైడితల్లిని చూసింది. థైరాయిడ్ మొత్తం తీసెయ్యాలని చెప్పింది. షుగర్ అదుపులోకి వచ్చాక క్లోమ విభాగం ఒక కాగితం ఇచ్చింది. "పై గ్రంథి తొలగింపునకు ఈ గ్రంథికి ఎట్టి అభ్యంతరము లేదు" అని దాని మీద గుండ్రటి స్టాంపు. ఆ కాగితం తీసుకుని పైడితల్లి బల్ల ఎక్కింది.

ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది. మృదుల చెయ్యి మంచిది. మత్తు వదిలీ వదలక ముందే పైడితల్లి కళ్లు తెరిచి, మంచాల మధ్య నుంచుని ఉన్న నర్సు ఎస్తేరు రాణిని చూసి "ఎవరు దిగాలి?" అంది. గొంతు బొంగురుగానైనా మాట స్పష్టంగా వచ్చింది. గవరయ్య బయటికెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చాడు.

మర్నాడు పొద్దున్న పెదాల చుట్టూ చీమలు పాకుతున్నట్టు అనిపించింది పైడితల్లికి. కాసేపటికి వేళ్ల కొసలు జిల్లుమన్నాయి. పిక్కలు పట్టేశాయి. చెబుదామని ఆవిడ నోరు తెరిచేలోగానే థైరాయిడ్ విభాగం అధికారి రిజిస్టరుతో వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"మీరు మంచం ఖాళీ చెయ్యాలమ్మా."

"అదేటండీ, నిన్ననే కదా కోశారు!"

"ఇది థైరాయిడ్ వార్డు. మీకు థైరాయిడ్ లేదు. లేని గ్రంథికి మంచం ఎలా ఇస్తాం?"

"ఉన్నది మీరే కదా తీసేశారు?"

"తీసేశాం. అందుకే లేదు," అన్నాడాయన శాంతంగా.

ఇరవై రెండేళ్లలో టికెట్టు లేనివాళ్లని ఎంతోమందిని బస్సులోంచి దింపిన పైడితల్లికి, టికెట్టుండీ దిగాల్సి రావడం ఇదే మొదటిసారి. ఆవిణ్ణి నడవాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. ఎస్తేరు రాణి బీపీ పట్టీ తెచ్చి జబ్బకి చుట్టి గాలి ఎక్కించింది. పట్టీ బిగిసిన కాసేపటికి పైడితల్లి చెయ్యి మణికట్టు దగ్గర వంగిపోయింది. అయిదు వేళ్లూ కొసలు కలిపి ముడుచుకున్నాయి, అన్నం ముద్ద పట్టుకున్నట్టు. ఆవిడ విప్పుదామని చూసింది. రాలేదు.

అదే సమయానికి సూపరింటెండెంటు గారు రౌండ్స్‌కి వచ్చారు. తన వైపు చాపిన ఆ చేతిని చూసి ఆగి, దయగా నవ్వారు.

"భోజనం పన్నెండున్నరకి వస్తుందమ్మా. ఓపిక పట్టాలి."

"ఆకలి కాదు సార్," అంది ఎస్తేరు రాణి. "కాల్షియం పడిపోయింది. ఇది గొంతుకి పాకితే ఊపిరి ఆగిపోతుంది."

అప్పటికే డాక్టర్ మృదుల పరిగెత్తుకొచ్చి చీటీ మీద కాల్షియం ఇంజెక్షన్ రాస్తోంది. సూపరింటెండెంటు గారు చెయ్యెత్తి వారించారు.

"డాక్టర్ మృదులా, మీరు థైరాయిడ్ సర్జన్. మీ గ్రంథి ప్రస్తుతం పరీక్ష నిమిత్తం గాజుసీసాలో ఉంది. మీ అధికార పరిధి ఆ సీసా మూతతో ముగిసింది. కాల్షియం పారాథైరాయిడ్ వారి శాఖ."

"సార్, ఆలస్యమైతే పేషెంట్‌కి ప్రమాదం."

"ప్రమాదాన్ని నేను కాదనడం లేదు. అది ఏ గ్రంథి ప్రమాదమో తేలాలంటున్నాను."

గవరయ్య ఒక్క ఉదుటున రోడ్డు మీది మందుల షాపుకి పరిగెత్తి కాల్షియం కొనుక్కొచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ దాన్ని పట్టుకున్నాడు. బయటి కాల్షియం లోపలికి రావాలంటే పారాథైరాయిడ్ స్టాంపు ఉండాలట. ఇక ఆ విభాగానికి వెళ్లక తప్పింది కాదు.

పారాథైరాయిడ్ విభాగం అధికారి తవిటినాయుడు చాలా రోజులుగా రోగి కోసం ఎదురు చూస్తున్నాడు. విభాగం పెట్టాక ఆయన కిటికీకి ఒక్కరూ రాలేదు. అందువల్ల గవరయ్యని చూడగానే కుర్చీ జరిపి, ఫ్యాను వేసి, ఎంతో ఆదరంగా నాలుగు దరఖాస్తులు అందించాడు.

"నాలుగెందుకు బాబూ? మనిషొకత్తే."

"గ్రంథులు నాలుగు కదండీ. ఎడమ పైది, ఎడమ కిందిది, కుడి పైది, కుడి కిందిది. దేని దరఖాస్తు దానిదే. తండ్రి పేరు మాత్రం నాలుగింటికీ ఒకటే రాయొచ్చు."

గవరయ్య చెమటలు కక్కుతూ నాలుగూ నింపాడు. తవిటినాయుడు అవి చదివి, పరీక్షల గదికి ఫోను చేసి, మొహం గంభీరంగా పెట్టాడు.

"ఇందులో ఒకటి అబద్ధపు ప్రకటన. తీసిన థైరాయిడ్‌కి అంటుకుని ఒక పారాథైరాయిడ్ కూడా సీసాలోకి వెళ్లిపోయిందట. అంటే అది థైరాయిడ్ విభాగానికి బదిలీ అయినట్టు. మీకు మిగిలినవి మూడే."

"సరే బాబూ, మూడే. ఆ మూడింటికేనా కాల్షియం ఇప్పించండి."

"ఆ మూడూ డ్యూటీలో ఉన్నాయా?"

వెనకే వచ్చిన మృదుల అంది, "ఉన్నాయి. ఆపరేషన్ అదురుకి మొద్దుబారాయి, అంతే. కొన్ని వారాల్లో కోలుకుంటాయి. అందాకా మనమే కాల్షియం ఇవ్వాలి."

"అంటే డ్యూటీలో ఉండి పని చెయ్యడం లేదు," అన్నాడు తవిటినాయుడు కలం తీస్తూ. "అలాంటి వాటికి సాయం చేస్తే పని చేసే గ్రంథుల మనోబలం ఏమైపోతుంది? ముందు సంజాయిషీ అడగాలి."

పావుగంటలో మెమో తయారైంది. దాన్ని పైడితల్లి ఒళ్లో పెట్టాడు. గ్రంథులకి నేరుగా ఇచ్చే వీలు లేదు కాబట్టి, అవి కాపురం ఉన్న శరీరం ద్వారా అందజేస్తున్నట్టు పైనే రాసి ఉంది.

"మీరు మువ్వురు విధినిర్వహణలో ఉండియు నిన్నటి దినము నుండి హార్మోను ఉత్పత్తి చేయకుండుట ద్వారా తీవ్ర క్రమశిక్షణారాహిత్యమునకు పాల్పడినారు. మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో మూడు దినముల లోపల లిఖితపూర్వకముగా తెలుపవలెను. అంతవరకు కాల్షియం నిలిపివేయడమైనది."

పైడితల్లి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. అప్పటికి ఆవిడ రెండు చేతులూ కొంకర్లు పోయాయి, పాదాలు కిందికి వంగుతున్నాయి. గొంతులో ఎక్కడో ఎవరో దారం బిగిస్తున్నట్టుంది. ఎదురుగా గవరయ్య మొహం సున్నంలా తెల్లబడింది. మూడు దినములు! ఇంకో మూడు గంటలు తను బతుకుతుందో లేదో ఆ ఎస్తేరమ్మ కళ్లల్లోనే తెలిసిపోతోంది. గోదారంత జనాన్ని ఒంటిచేత్తో సర్దిన మనిషి, ఇలా ఒక బెంచీ మీద, కాగితం తగాదాలో పోవడమా? భయం వేసింది. వెంటనే దాని వెనకే ఒళ్లు మండింది.

మండేసరికి బుర్ర పని చేసింది. మెమోలు ఆవిడకి కొత్త కాదు. డిపోలో ఆవిడ తీసుకున్న మెమోలన్నీ కుడితే దుప్పటవుతుంది. యూనియన్‌లో ఆవిడ పదకొండేళ్లు కార్యదర్శి.

"ఏమయ్యా, కాగితం కలం తియ్యి," అంది బొంగురుగొంతుతో. "నా వేళ్లు విడవు. నేను సెప్తాను, నువ్వు రాయి. తప్పుల్లేకుండా రాయి."

గవరయ్య మోకాలి మీద కాగితం పెట్టుకున్నాడు. ఆవిడ మాట మాటకీ ఆగి, ఊపిరి తీసుకుంటూ చెప్పింది.

"సూపరింటెండెంటు గారికి. అయ్యా. మేము ముగ్గురం పారాథైరాయిడ్ గ్రంథులం. నలభై ఆరేళ్లుగా ఒక్క రోజు సెలవు పెట్టకుండా పని చేశాం. నిన్న మాకు ముందస్తు నోటీసు ఇవ్వకుండా మా పక్కింటి థైరాయిడ్‌ని పునాదులతో సహా లేపేశారు. మా నాలుగో అక్కని ఆర్డరు లేకుండా సీసాలోకి బదిలీ చేశారు. ఆ దిగులుతో మేం మూర్ఛపోయాం. కోలుకునేదాకా మాకు మధ్యంతర సాయంగా కాల్షియం ఇప్పించాలి. లేనిపక్షంలో అరగంటలో సమ్మె. ముందు చేతులు, తరవాత కాళ్లు, ఆఖర్న గొంతు. ఇట్లు, మీ విధేయులు."

ఎస్తేరు రాణి ఆ కాగితాన్ని స్వయంగా సూపరింటెండెంటు గారి బల్ల మీద పెట్టింది.

మామూలు విన్నపమైతే అది ఆ బల్ల మీదే ముసలిదయ్యేది. కాని "సమ్మె" అన్న మాట చూడగానే కోదండపాణి గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆసుపత్రిలో రోగి పోతే నెలాఖరు నివేదికలో రాస్తే సరిపోతుంది. సమ్మె జరిగితే మాత్రం గంటలోగా పైకి తెలపాలి. తన హయాంలో గ్రంథులు సమ్మెకి దిగాయంటే తన గ్రంథివారీ విధానం ఏం కావాలి?

"తక్షణం చర్చలకి పిలవండి," అన్నారు.

చర్చలు ఆయన గదిలోనే జరిగాయి. బల్లకి ఒకవైపు సూపరింటెండెంటు గారు, తవిటినాయుడు, థైరాయిడ్ అధికారి, పరిశీలకుడిగా క్లోమ అధికారి. రెండోవైపు చక్రాల కుర్చీలో గ్రంథుల ప్రతినిధిగా పైడితల్లి. ఆవిడ వెనక మృదుల, ఎస్తేరు రాణి, గవరయ్య. ఎస్తేరు రాణి చేతిలో ఖాళీ సిరంజి ఉంది.

"యాజమాన్యం ఎల్లప్పుడూ గ్రంథుల సంక్షేమానికి కట్టుబడి ఉన్నది," అని మొదలెట్టారు సూపరింటెండెంటు గారు.

"సార్, తొందరగా," అంది మృదుల.

"మానవతా దృక్పథంతో మధ్యంతర కాల్షియం మంజూరు చెయ్యడానికి అంగీకరిస్తున్నాం. ఒప్పందపత్రం సిద్ధంగా ఉంది. ప్రతినిధి సంతకం పెడితే తవిటినాయుడు బీరువా తెరుస్తారు."

కలం ముందుకొచ్చింది. పైడితల్లి చెయ్యి చాపింది. వేళ్లు విడితేగా! కలం ముడుచుకున్న వేళ్ల మీద నుంచి జారి కిందపడింది. మళ్లీ పెట్టారు. మళ్లీ పడింది.

"వేలిముద్ర వేయించండి," అన్నాడు క్లోమ అధికారి పరిశీలిస్తూ.

బొటనవేలు అరచేతిలోకి దూరి ఉంది. బయటికి రాలేదు.

"నేను పెడతానండి సంతకం! ఆవిడ మొగుణ్ణి!" అన్నాడు గవరయ్య. ఆయన గొంతు అంత పైకి లేవడం పైడితల్లి పెళ్లయ్యాక వినలేదు.

"మీరు ఆవిడ భర్తే కావచ్చు," అన్నాడు తవిటినాయుడు. "గ్రంథుల భర్త కారు."

"చెయ్యి విడాలంటే కాల్షియం ఇవ్వాలి!" అంది మృదుల.

"కాల్షియం ఇవ్వాలంటే సంతకం కావాలి," అన్నారు సూపరింటెండెంటు గారు. ఆయన మొహంలో కోపం లేదు, నిజమైన విచారం ఉంది. దారి దొరకని పెద్దమనిషి విచారం అది.

పైడితల్లి ఊపిరి పీలిస్తే ఈలవేసినట్టు సన్నగా చప్పుడైంది.

ఎస్తేరు రాణి ఇరవయ్యారేళ్ల సర్వీసులో తొమ్మిదిమంది సూపరింటెండెంట్లని చూసింది. వాళ్లతో వాదించకూడదని, వాళ్ల భాషలో అడగాలని ఆవిడకి తెలుసు. ఎంతో వినయంగా ముందుకొచ్చింది.

"సార్, చిన్న సందేహం. సంతకం పెట్టేటప్పుడు కలంలో ఇంకు అయిపోతే ఏం చేస్తామండీ?"

"స్టోర్స్ నుంచి ఇంకు తెప్పిస్తాం."

"దానికి ఏ గ్రంథి స్టాంపు కావాలండీ?"

"స్టేషనరీకి గ్రంథితో ఏం పని? నా నోటిమాట చాలు."

"అయితే సార్, ఈవిడ చెయ్యి కూడా సంతకానికి పనికొచ్చే సామానే కదండీ. అందులో కాల్షియం అయిపోయింది."

కోదండపాణి గారు కళ్లు మూసుకున్నారు. శిక్షణలో విన్నదంతా ఆయన కనురెప్పల వెనక ఒకసారి తిరిగింది. ఎక్కడా అభ్యంతరం కనబడలేదు. కళ్లు తెరిచారు.

"స్టేషనరీ కింద రాయండి," అన్నారు.

తవిటినాయుడు బీరువా తెరిచాడు. మృదుల నరం దొరికించుకుని ఇంజెక్షన్ నెమ్మదిగా, ఒక కన్ను గడియారం మీద, ఒక చెయ్యి నాడి మీద ఉంచి, పది నిమిషాల పాటు ఎక్కించింది. ఒంట్లోకి వెచ్చగా ఏదో పాకింది. గొంతులో దారం వదులైంది. మొదట చిటికెనవేలు కదిలింది, తరవాత ఉంగరపువేలు. ఆఖరికి బొటనవేలు అరచేతిలోంచి బయటికొచ్చింది. పైడితల్లి అది తన చెయ్యేనా అన్నట్టు మూసి తెరిచి, మూసి తెరిచి చూసుకుంది. గవరయ్య ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. అధికారుల ముందు ఏడవకూడదనుకుంది పైడితల్లి, కాని ఆపుకోలేకపోయింది.

తరవాత కలం తీసుకుని, అడ్డంగా, బల్ల అదిరేలా సంతకం పెట్టింది.

"గ్రంథుల సమ్మెని సామరస్యంగా నివారించాం," అని సూపరింటెండెంటు గారు ఆ మధ్యాహ్నమే పైకి రాశారు. పైవాళ్లు ఆయన్ని మెచ్చుకుంటూ జవాబు రాశారు. గ్రంథివారీ విధానం ఒక్క అక్షరం మారకుండా కొనసాగింది.

ఆరు వారాల తరవాత పైడితల్లి పరీక్షకి వచ్చింది. మూడు గ్రంథులూ కోలుకున్నాయని, కాల్షియం మెల్లగా తగ్గించొచ్చని మృదుల చెప్పింది. థైరాయిడ్ మాత్ర మాత్రం జీవితాంతం వేసుకోవాలంది.

"మీ విభాగాల దగ్గర ఈగ కూడా లేదేటమ్మా?" అంది పైడితల్లి, బోసిపోయిన మూడు కిటికీల్ని చూస్తూ.

మృదుల నవ్వి, వెనక వరండా వైపు చూపించింది.

అక్కడ స్టేషనరీ గది ముందు వరస మెలికలు తిరిగి చెట్టు కిందిదాకా సాగింది. కిటికీలో ఎస్తేరు రాణి కూర్చుంది. కాల్షియం మాత్రలు సుద్దముక్కలుగా, ఇన్సులిన్ ఇంకుగా, థైరాయిడ్ మాత్రలు గుండుసూదులుగా ఆ గదిలోకి వస్తున్నాయి. ఆసుపత్రిలో అందరూ ఎన్నడూ లేనంతగా రాసుకుంటున్నారని సూపరింటెండెంటు గారు మురిసిపోతున్నారట.

కిటికీ ముందు ఒక ముసలామె నుంచుని ఉంది. మొహం ఉబ్బి, కళ్లు బరువెక్కి, గొంతు గరగరలాడుతోంది.

"నాకు సంతకం రాదమ్మా, నిశానీయే," అంది భయంభయంగా.

"ఫరవాలేదు మామ్మా," అంది ఎస్తేరు రాణి, చిన్న పొట్లం చేతిలో పెడుతూ. "రోజూ పొద్దున్నే పరగడుపున ఒక గుండుసూది మింగు. మింగాక అరగంట దాకా కాఫీ తాక్కు."

"అలాగేనమ్మా," అంది ముసలామె, పొట్లం కొంగున ముడేసుకుంటూ.